లజానియా ఇంట్లో ఎలా చేయాలి: తడి లెక్క తెలిస్తే కొలతల పట్టికతో పని లేదు

లజానియా అంటే పలుచటి పిండి షీట్లు, టమాట ఎర్ర సాస్, పాల తెల్ల సాస్, చీజ్ పొరలుగా పేర్చి ఓవెన్‌లో కాల్చే ఇటలీ వంటకం. దాని గురించి అడిగేవాళ్ళ ప్రశ్నలు ఎప్పుడూ రెండే. "చెప్పిన కొలతలే వేశాం, అయినా మధ్యలో షీట్లు పచ్చిగా ఉన్నాయి, ఎందుకు?" "ముక్క కోస్తే గిన్నె అడుగున నీళ్ళు తేలాయి, పొరలన్నీ జారిపోయాయి, ఎక్కడ తప్పు?" రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. లోపల తడి ఒకరికి తక్కువైంది, ఇంకొకరికి ఎక్కువైంది.

కొలతలు తూచా తప్పకుండా పాటించినా ఇది జరుగుతుంది. వానాకాలం టమాటలో నీళ్ళెక్కువ, చలికాలం టమాటలో కండ ఎక్కువ. నాటు టమాట పులుపు వేరు, హైబ్రిడ్ టమాట పులుపు వేరు. ఒక పెట్టెలో షీటు పలుచగా ఉంటుంది, ఇంకో దాంట్లో మందంగా ఉంటుంది. ఎక్కడో ఇటలీలో డబ్బా టమాటతో రాసుకున్న గ్రాముల లెక్క హనుమకొండ అంగడి టమాటకు అతకదు. కాబట్టి ఇక్కడ అంకెలు ఇచ్చినా, ప్రతి దశలో దేన్ని చూసి ఆపాలో కూడా చెప్పాం. అంకెకూ మీ కంటికీ తేడా వస్తే కంటినే నమ్మండి.

సిద్ధాంతం ఇంతే: సేమియా పాయసం రాత్రి చేసిపెడితే పొద్దుటికి గట్టిపడుతుంది కదా. పాలు ఎక్కడికీ పోలేదు, సేమియా తాగేసింది. లజానియా షీటు అదే జాతి. ఎండు షీట్లు ఎంత బరువుంటాయో దాదాపు అంత నీళ్ళు తాగుతాయి. ఆ నీళ్ళు సాస్‌లో ఉంటే షీటు ఉడుకుతుంది, లేకపోతే పచ్చిగా మిగులుతుంది, మరీ ఎక్కువైతే అడుగున నిలుస్తుంది. ఈ పద్ధతి కిటుకు కూడా ఇక్కడే ఉంది. సాస్‌ను ముందు నీళ్ళు లేని దాకా దగ్గర పడనివ్వాలి, ఆ తర్వాత షీట్లకు కావాల్సినన్ని నీళ్ళు మనమే కొలిచి పోయాలి.

ఏమేం కావాలి

కింది లెక్క 8 అంగుళాల చదరపు గిన్నెకు, నాలుగు వరుసలకు. నలుగురైదుగురు కడుపునిండా తింటారు.

- గిన్నె: కనీసం రెండున్నర అంగుళాల లోతు. ఓవెన్‌కు తట్టుకునే గాజు, పింగాణీ, స్టీలు ఏదైనా సరే. అల్యూమినియం కేకు టిన్నే ఉంటే లోపల బేకింగ్ పేపర్ పరవండి. టమాట పులుపు అల్యూమినియాన్ని తింటుంది, కూరకు చిలుము రుచి వస్తుంది.
- షీట్లు: ఎండువైతే 10 నుంచి 12, అంటే 200 గ్రాములకు అటూ ఇటూ. దొరక్కపోతే ఇంట్లో చేసుకునే విధానం మూడో దశలో ఉంది.
- మటన్ కీమా 400 గ్రాములు. మరీ కొవ్వు లేని కీమా వద్దు, పొడిపొడిగా రంపపు పొట్టులా అవుతుంది.
- టమాట 1 కిలో, బాగా పండినవి. ఉల్లిగడ్డలు 2, క్యారెట్ 1, ఎల్లిగడ్డ 6 రెబ్బలు.
- ఫుల్ క్రీమ్ పాలు 1 లీటరు. మన దగ్గర ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో 6 శాతం వెన్న ఉంటుంది, టోన్డ్‌లో 3 శాతం. టోన్డ్ పాలతోనూ అవుతుంది కానీ తెల్ల సాస్ నోటికి పలుచగా తగులుతుంది.
- వెన్న 50 గ్రాములు, మైదా 50 గ్రాములు, చిటికెడు జాజికాయ పొడి.
- మొజరెల్లా చీజ్ 200 గ్రాములు. గట్టి చీజ్ ఏదైనా 30 గ్రాములు ఉంటే ఇంకా మంచిది.
- ఉప్పు, మిరియాలు, కారం, నూనె.

కారం గురించి ఆగి చెప్పాలి. లజానియా సాస్‌కు రంగు నిండుగా ఉండాలి, మంట తక్కువ ఉండాలి. దీనికి వరంగల్ వాళ్ళు ఎక్కడో వెతకాల్సిన పని లేదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి సరిగ్గా ఈ పనికే పుట్టినట్టుంటుంది. కాయ బొద్దుగా, టమాట లాగా ఉంటుంది, అందుకే దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు. రంగు గాఢం, ఘాటు తక్కువ. గింజలు దులిపి పొడి చేసుకుంటే ఒక టీ చెంచా నిండుగా వేసుకోవచ్చు. ఇంట్లో ఉన్నది తేజ కారమైతే పావు టీ చెంచాకు మించొద్దు, పాలు, చీజ్ రుచి దాని కింద కనబడకుండా పోతుంది.

చీజ్ దగ్గర చాలామంది పొరబడతారు. క్యూబులుగా, స్లైసులుగా వచ్చే ప్రాసెస్డ్ చీజ్ కరుగుతుంది కానీ సాగదు, పైగా ఉప్పెక్కువ. పై పొరకు మొజరెల్లానే వాడండి. ప్రాసెస్డ్ చీజ్ లోపలి పొరల్లోకి సగం దాకా కలపొచ్చు, అప్పుడు రెండు సాస్‌లలోనూ ఉప్పు తగ్గించాలి. ముందే తురిమి అమ్మే చీజ్‌కు అంటుకోకుండా పిండి చల్లి ఉంటుంది, దిమ్మ కొని ఇంట్లో తురుముకుంటేనే బాగా కరుగుతుంది.

1. ఎర్ర సాస్: దీనికి తొందరపడొద్దు

అడుగు మందంగా ఉన్న బగోనలో 3 పెద్ద చెంచాల నూనె వేసి, ఉల్లిగడ్డ, క్యారెట్ మెంతి గింజంత సన్నగా తరిగి వేయండి. సన్న మంట మీద 12 నుంచి 15 నిమిషాలు మగ్గాలి. ఉల్లిగడ్డ ఎర్రబడొద్దు, మెత్తబడి తీపి వాసన రావాలి. బిర్యానీకి వేయించినట్టు వేయిస్తే సాస్ కీమా కూర వైపు వెళ్ళిపోతుంది. తర్వాత ఎల్లిగడ్డ వేసి ఒక్క నిమిషం. అల్లం, గరం మసాలా, ధనియాల పొడి వద్దు. అలవాటు కొద్దీ చెయ్యి అటే పోతుంది, ఆపుకోండి. ఆ మూడూ పడ్డాక తెల్ల సాస్ వేసినా, చీజ్ వేసినా తినేవాళ్ళకు తెలిసేది కీమా కూరే.

మంట పెంచి కీమా వేసి గంటెతో విడదీయండి. కీమా ముందు నీళ్ళు వదులుతుంది, బగోనలోంచి కుతకుత చప్పుడు వస్తుంది. ఆ నీళ్ళు ఇంకిపోయి, చప్పుడు చిటపటలోకి మారి, కీమా అంచులు గోధుమ రంగు తిరిగే దాకా వదలొద్దు. దీనికి 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఈ దశ దాటేసి టమాట పోస్తే మాంసం ఉడికిన వాసన వస్తుంది తప్ప వేగిన రుచి రాదు, ఎంతసేపు మరిగించినా ఆ లోటు తీరదు.

ఇప్పుడు ఒక టీ గ్లాసు పాలు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. ఇటలీలోని బొలోన్యా ఊరి వాళ్ళ పద్ధతి ఇది, కీమా మెత్తబడుతుంది, టమాట పులుపూ సర్దుకుంటుంది. పాలు టమాట కన్నా ముందే పోయాలి. టమాట మరుగుతున్నప్పుడు పోస్తే విరిగి తెల్లటి పలుకులు తేలుతాయి.

మంట తగ్గించి కారం వేసి అర నిమిషం కలపండి. అంతకన్నా ఎక్కువసేపైతే మాడి చేదెక్కుతుంది. వెంటనే టమాట వేయండి. ఈ టమాటను ముందే సిద్ధం చేసి ఉంచుకోవాలి: అడుగున కూడిక గుర్తులా గాటు పెట్టి, మరిగే నీళ్ళలో నిమిషం ఉంచితే తొక్క ఊడొస్తుంది. తర్వాత చేత్తో చిదిమితే చాలు. ఇలా చేయకుండా పండు టమాటను నేరుగా మిక్సీలో తిప్పితే గాలి చేరి రంగు నారింజలోకి పోతుంది, నురగ వస్తుంది. అలా చేసినా పాడైపోదు, కానీ ఇంకో పదిహేను నిమిషాలు ఎక్కువ మరగాలి.

ఉప్పు కొంచెం తక్కువగా, మిరియాల పొడి అర టీ చెంచా వేసి, మూత ఓరగా పెట్టి సన్న సెగ మీద 45 నుంచి 60 నిమిషాలు. టైం లేకపోతే కుక్కర్‌లో 4 విజిల్స్ తెప్పించి, మూత తీసి దగ్గర పడే దాకా మరిగించండి. కుక్కర్‌లో నీళ్ళు ఆవిరి కావు కాబట్టి ఈ రెండో భాగం తప్పదు.

ఒరెగానో ఉంటే అర టీ చెంచా చివర్లో వేయండి. లేకపోతే నాలుగైదు వాము గింజలు అరచేతిలో నలిపి వేస్తే దగ్గరి వాసనే వస్తుంది. ఇటలీ వంటల్లో వేసే బేసిల్ ఆకుకు బదులు తులసి వేయకండి, ఘాటు వేరు. ఇంట్లో సబ్జా మొక్క ఉంటే దాని ఆకులు వేయొచ్చు, అది బేసిల్ జాతిదే.

పరీక్ష: స్టీలు పళ్ళెంలో ఒక చెంచాడు సాస్ వేసి నిమిషం ఆగండి. చుట్టూ పలుచటి నీటి ఉంగరం కట్టిందంటే ఇంకా మరగాలి. ఉంగరం లేకుండా ముద్దగా నిలబడితే, బగోన అడుగున గంటెతో గీసిన గీత నాలుగైదు సెకన్లు పూడకుండా ఉంటే, అదే మన సున్నా గుర్తు. ఈ దశలో సాస్ 750 నుంచి 850 గ్రాముల మధ్య ఉంటుంది.

ఉడికించిన షీట్లు లేదా ఇంట్లో చేసిన షీట్లు వాడేవాళ్ళు ఇక్కడే ఆపేయండి. ఎండు షీట్లు నేరుగా పరిచేవాళ్ళు సాస్‌లో 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళు కలపండి. సాస్ ఇప్పుడు పలుచబడినట్టు, పాడైనట్టు కనబడుతుంది. కంగారుపడకండి, ఆ నీళ్ళు షీట్ల వాటా.

2. తెల్ల సాస్

మందపాటి గిన్నెలో వెన్న కరిగించి మైదా వేసి, సన్న మంట మీద 2 నిమిషాలు కలుపుతూ ఉండండి. పచ్చిపిండి వాసన పోయి బిస్కెట్ వాసన రావాలి, రంగు మారొద్దు. నెయ్యి వాడితే 40 గ్రాములు చాలు, కానీ నెయ్యి వాసన పైకి తేలుతుందని తెలుసుకుని వాడండి.

గోరువెచ్చటి పాలు ముందు ఒక్క గంటె పోసి ముద్దలా అయ్యేదాకా కలపండి. మళ్ళీ ఒక గంటె, మళ్ళీ కలపండి. మూడో గంటె తర్వాత మిగతావి ధారగా పోసేయొచ్చు. ఉడికించిన షీట్లకు 550 మిల్లీలీటర్లు, ఎండు షీట్లకు 700. పోసిన తర్వాత తప్పకుండా ఒక పొంగు రావాలి, పొంగు వచ్చాక 5 నిమిషాలు సన్న మంట మీద కలుపుతూ ఉడికించాలి. చిక్కబడింది కదా అని పొంగు రాకముందే దించేస్తే పిండి రుచి మిగిలిపోతుంది. ఉప్పు, జాజికాయ చివర్లో.

పరీక్ష: గంటె వెనక వైపు వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. ఉడికించిన షీట్లకైతే సాస్ దోశ పిండిలా, ఎండు షీట్లకైతే జొన్న అంబలిలా జారాలి. ఉండలు కడితే టీ జల్లెడలో పోసి గంటెతో రుద్దండి, ఉండలను చూసి మొత్తం పారబోయాల్సిన అవసరం లేదు. చల్లారితే గట్టిపడుతుంది, పేర్చే ముందు రెండు చెంచాల పాలు పోసి వెచ్చబెడితే మళ్ళీ జారుతుంది. మీగడ కట్టకుండా పైన ఒక చిన్న వెన్న ముక్క రాయండి.

3. షీట్లు

పెట్టె మీద "ఉడికించనవసరం లేదు" అని ఉంటే ఎండువే పరచండి. అలా రాసి లేకపోతే ఉడికించడమే మంచిది. 3 లీటర్ల నీళ్ళలో రెండు చెంచాల ఉప్పు వేసి, మరిగేటప్పుడు ఒక్కొక్కటిగా వేసి, పెట్టె మీద చెప్పిన టైం కన్నా 3 నిమిషాలు ముందే తీయండి. చల్లనీళ్ళలో ముంచి తడి నూలు గుడ్డ మీద విడివిడిగా ఆరేయండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అతుక్కుపోయి చిరుగుతాయి. ఉడికించే నీళ్ళలో నూనె పోస్తే సాస్ షీటుకు పట్టదు, ఆ అలవాటు మానుకోండి.

షీట్లు హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ లాంటి చోట్ల పెద్ద సూపర్ మార్కెట్లలో దొరికే అవకాశం ఉంది. చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇంట్లో చేసుకోవచ్చు, చపాతీ చేసే చెయ్యికి ఇది కష్టం కాదు.

మైదా 120 గ్రాములు, మిక్సీలో మెత్తగా పట్టిన బొంబాయి రవ్వ 30 గ్రాములు, ఒక గుడ్డు, 20 నుంచి 25 మిల్లీలీటర్ల నీళ్ళు. గుడ్డు తిననివాళ్ళకు గుడ్డు లేకుండా 75 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళు. పిండి చపాతీ పిండి కన్నా గట్టిగా, పూరీ పిండిలా ఉండాలి. మొదట్లో పొడిపొడిగా విరుగుతుంటే నీళ్ళు పోయాలనిపిస్తుంది, పోయకండి. అరచేతి మడమతో 8 నుంచి 10 నిమిషాలు పిసికితే దానంతటదే కలిసి నున్నబడుతుంది. తడిగుడ్డ కప్పి 40 నిమిషాలు నాననివ్వండి. నానకపోతే కర్రతో ఎంత వత్తినా ముడుచుకుంటుంది.

నాలుగు ముద్దలు చేయండి, ఒక్కోటి పెద్ద నిమ్మకాయంత వస్తుంది. ఒక్కో ముద్దను గిన్నె అంత చదరంగా, మిల్లీమీటరు మందంలో వత్తండి. షీటు ఎత్తి వెలుగుకు పట్టుకుంటే వెనక మీ వేళ్ళ నీడ తెలియాలి. తెలియకపోతే ఇంకా వత్తాలి. ఉడికితే మందం పెరుగుతుంది, ఇప్పుడే మందంగా ఉంటే తినేటప్పుడు బూరుగు దూదిలా తగులుతుంది. మరిగే ఉప్పునీళ్ళలో ఒక్కో షీటు ఒక్క నిమిషం ఉడికించి చల్లనీళ్ళలోకి తీయండి.

గోధుమ పిండితో చేయొచ్చా? సగం గోధుమ, సగం మైదా దాకా పర్వాలేదు. మొత్తం గోధుమ పిండైతే తవుడు వల్ల షీటు తొందరగా తెగుతుంది. మిగిలిన చపాతీలు పరిచి చేయమనే సలహా చాలాచోట్ల వినబడుతుంది. చపాతీ అప్పటికే కాలి ఉంటుంది, సాస్ తగలగానే నాని ముద్దవుతుంది, పొర తెలియదు. బ్రెడ్డుదీ అదే గతి. రెండూ తినడానికి బాగానే ఉంటాయి గానీ అది లజానియా అవదు.

4. పేర్చడం

రెండు సాస్‌లూ గోరువెచ్చగా ఉండాలి. గిన్నెకు వెన్న రాసి, అడుగున ముందు మూడు చెంచాల ఎర్ర సాస్ పలుచగా పూయండి. నేరుగా షీటు పెడితే అడుగంటుతుంది.

ఒక వరుస ఇలా ఉంటుంది: షీటు, దాని మీద పెద్ద గంటెడు ఎర్ర సాస్, సుమారు 180 గ్రాములు, దాని మీద 120 మిల్లీలీటర్ల తెల్ల సాస్, చివర్లో గుప్పెడు చీజ్, 25 గ్రాములకు అటూ ఇటూ. ఇలా మూడు వరుసలు. నాలుగో షీటు మీద మిగిలిన ఎర్ర సాస్ పలుచగా, దాని మీద మిగిలిన తెల్ల సాస్ మొత్తం, ఆ పైన మిగిలిన చీజ్.

మూడు జాగ్రత్తలు. ఎండు షీట్లు గిన్నె గోడకు తగలకుండా అర సెంటీమీటరు వదలండి, తాగాక అవి పెరుగుతాయి. షీట్లు ఒకదాని మీద ఒకటి సెంటీమీటరు కన్నా ఎక్కువ ఎక్కనివ్వకండి, ఆ జోడు దగ్గరే పచ్చిగా మిగిలేది. అన్నిటికన్నా ముఖ్యం, సాస్ మూలల దాకా పూయండి. మధ్యలో కుప్ప పోసి వదిలేస్తే అంచులు అప్పడంలా ఎండిపోతాయి. పై షీటు కొసైనా తెల్ల సాస్ బయట కనబడొద్దు.

గిన్నె పైన సెంటీమీటరు ఖాళీ ఉంచండి, లేకపోతే పొంగి ఓవెన్ అడుగున కారి మాడుతుంది. పేర్చాక చేత్తో మెల్లగా అదిమి, 10 నిమిషాలు అలాగే ఉంచి, అప్పుడు ఓవెన్‌లో పెట్టండి.

5. కాల్చడం

ఓటీజీ, అంటే రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్, ఉన్నవాళ్ళకు: ముందుగా ప్లగ్గు చూసుకోండి. ఓటీజీ చాలా కరెంటు లాగుతుంది, 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టొద్దు. పైనా కిందా రాడ్లు రెండూ వేసి 180 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. గిన్నె మీద ఫాయిల్ గుడారంలా కప్పండి, చీజ్‌కు తగిలితే అతుక్కుని మొత్తం ఊడొస్తుంది. మధ్య అరలో పెట్టి ఎండు షీట్లకు 35 నిమిషాలు, ఉడికించిన వాటికి 20 నిమిషాలు. తర్వాత ఫాయిల్ తీసి ఇంకో 15 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో వెనక వైపు వేడి ఎక్కువ ఉంటుంది కాబట్టి ఫాయిల్ తీసేటప్పుడు గిన్నెను తిప్పి పెట్టండి. రంగు రాకపోతే చివర్లో పై రాడ్ ఒక్కటే 3 నిమిషాలు, అక్కడే నిలబడి చూస్తూ.

మైక్రోవేవ్ ఓవెన్‌లో కన్వెక్షన్ మోడ్, అంటే వేడిగాలితో కాల్చే మోడ్, ఉంటే ఇవే లెక్కలు. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో స్టీలు గిన్నె, ఫాయిల్ రెండూ పెట్టకూడదు. గాజు గిన్నెలో అవుతుంది కానీ పైన రంగు రాదు.

ఓవెన్ లేనివాళ్ళకు: సర్వపిండి చేసేవాళ్ళకు ఈ సెగ కొత్త కాదు. అడుగు మందంగా ఉన్న పాత బిర్యానీ గుండి తీసుకుని, అడుగున రెండు వేళ్ళ మందం దొడ్డు ఉప్పు పోసి, మీద స్టాండు పెట్టండి. గట్టి మూత పెట్టి మధ్యరకం మంట మీద 10 నిమిషాలు వేడి చేయండి. రోజూ వాడే కుక్కర్ వద్దు, నీళ్ళు లేకుండా ఇంతసేపు కాలిస్తే అది పాడవుతుంది. పాత కుక్కర్ వాడినా రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి.

ఈ పద్ధతికి స్టీలు గిన్నె లేదా పేపర్ పరిచిన టిన్నే వాడండి, గాజు పగిలే ప్రమాదం ఉంది. షీట్లు ఉడికించినవే మంచివి. గిన్నెను స్టాండు మీద దించి, మూత లోపలి వైపు నూలు గుడ్డ కట్టి మూయండి. గుడ్డ లేకపోతే ఆవిరి నీళ్ళయి చీజ్ మీద కారుతుంది. గుడ్డ కొసలు మూత మీదికి మడిచి ముడి వేయాలి, కింద మంటకు దగ్గరగా వేలాడకూడదు. సన్న మంట మీద 45 నిమిషాలు.

పైన రంగు రావాలంటే ఇనుప పెనం పొగ వచ్చేదాకా వేరే పొయ్యి మీద కాల్చి, గుండి మూత తీసి, పెనాన్ని లజానియా గిన్నె అంచుల మీద ఆనించి 4 నిమిషాలు ఉంచండి. చీజ్‌కు పెనానికి మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. మందపాటి గుడ్డ లేకుండా పెనం ముట్టుకోవద్దు, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వొద్దు.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది: సన్నటి కత్తి నడిమధ్యన అడుగు దాకా దించండి. నాలుగు షీట్లూ ఒకే మెత్తదనంతో దిగాలి. మధ్యలో ఎక్కడైనా టక్కున ఆగితే అక్కడ షీటు పచ్చిగా ఉంది. కత్తిని 10 సెకన్లు లోపలే ఉంచి తీస్తే కొస ముట్టుకోలేనంత వేడిగా ఉండాలి. గిన్నె అంచుల్లో బుడగలు కూడా చూడండి. బుడగ మెల్లగా ఉబ్బి, సాగి, పగులుతుంటే తడి సరిగ్గా ఉన్నట్టు. నీళ్ళు మరిగినట్టు గబగబా వస్తుంటే ఇంకో పది నిమిషాలు ఫాయిల్ లేకుండా ఉంచండి.

6. ఆగడం

బయటికి తీశాక 20 నిమిషాలు ముట్టుకోవద్దు. ఆకలి మీద ఉన్నప్పుడు ఇది కష్టమే, కానీ అప్పుడే కోస్తే ఎంత బాగా చేసినా పళ్ళెంలో కుప్పే పడుతుంది. ఈ 20 నిమిషాల్లో తెల్ల సాస్ బిగుస్తుంది, మిగిలిన తడిని షీట్లు లాగేసుకుంటాయి. కోసేటప్పుడు కత్తిని రంపంలా చిన్న చిన్నగా ఆడించండి, పైనుంచి నొక్కితే సాస్ పక్కలకు పొంగుతుంది. మొదటి ముక్క మూల నుంచి తీయండి, అది కాస్త చెదురుతుంది. రెండోది అట్లకాడ మీద నిలబడి వస్తుంది.

పొరపాట్లు, కారణాలు

అడుగున నీళ్ళు నిలిచాయి: ఎర్ర సాస్ సున్నా గుర్తు దాకా రాలేదు, లేదా కీమాకు బదులు కూరగాయలు వేసి వాటి నీళ్ళు తీయలేదు. ఈసారికి ఫాయిల్ లేకుండా 10 నిమిషాలు కాల్చి, అరగంట ఆగి కోయండి.

షీట్లు పచ్చి: ఒక టీ గ్లాసు వేడి పాలు అంచుల చుట్టూ మెల్లగా పోసి, ఫాయిల్ బిగించి, 15 నుంచి 20 నిమిషాలు మళ్ళీ కాల్చండి. దాదాపు ఎప్పుడూ సర్దుకుంటుంది.

పైన మాడింది, మధ్యలో చల్లగా ఉంది: పై రాడ్‌కు దగ్గరగా పెట్టారు, లేదా ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను వెంటనే పెట్టారు.

పైన నూనె తేలింది: కీమాలో కొవ్వు ఎక్కువ. సాస్ దించాక 5 నిమిషాలు ఆగి, పైకి తేలిన కొవ్వును గంటెతో తీసేస్తే ఈ బాధ ఉండదు.

ఉప్పెక్కువైంది: రెండు సాస్‌లూ విడివిడిగా సరిపోయేట్టు ఉప్పు వేశారు, పైన చీజ్ ఉప్పు చేరింది. ప్రతి సాస్ "ఇంకొంచెం పడాలి" అనిపించే దగ్గరే ఆపాలి. ఎక్కువైపోయాక దిద్దే దారి లేదు.

కీమా లేకుండా

అదే టమాట సాస్, కీమా స్థానంలో కూరగాయలు. కూరగాయ ఏదైనా ముందు దాని నీళ్ళు బయటికి తీయాలి, అదొక్కటే నియమం. అర కిలో పాలకూరను వేడినీళ్ళలో ముంచి తీసి పిండితే పిడికెడు ముద్ద మిగలాలి, అంత గట్టిగా పిండాలి. వంకాయను పొడవుగా చీల్చి ఉప్పు రాసి అరగంట ఉంచి, తుడిచి, పెనం మీద రెండు వైపులా కాల్చండి. పుట్టగొడుగులు పెద్ద మంట మీద నీళ్ళు పూర్తిగా ఇంకేదాకా వేయించాలి. లేత మక్క గింజలు ఒక గుప్పెడు వేస్తే పంటి కింద బాగుంటాయి. పాలకూర వరుసకు రికోటా అనే మెత్తటి ఇటలీ చీజ్ దొరక్కపోతే పనీర్ 150 గ్రాములు చిదిమి, 3 చెంచాల పాలు, కొంచెం మిరియాల పొడి కలిపి మెత్తగా మెదపండి. మీల్ మేకర్ రవ్వ వాడితే నానబెట్టి, రెండుసార్లు కడిగి, గట్టిగా పిండి, నూనెలో వేయించాకే టమాట పోయండి.

ముందు రోజే చేసిపెట్టుకోవాలంటే

ఉడికించిన షీట్లతో పేర్చి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, మర్నాడు కాల్చే టైం 10 నుంచి 15 నిమిషాలు పెంచాలి. ఎండు షీట్లైతే రాత్రంతా తాగి సగం మెత్తబడి ఉంటాయి, పొద్దున పైన పొడిగా కనబడితే అంచుల్లో నాలుగు చెంచాల పాలు పోయండి. గాజు గిన్నెను ఫ్రిజ్‌లోంచి తీశాక అరగంటైనా బయట ఉంచాకే ఓవెన్‌లో పెట్టాలి, లేకపోతే పగులుతుంది.

మిగిలింది బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. మన ఎండాకాలంలోనైతే గంటలోపే ఫ్రిజ్‌లోకి పోవాలి, మాంసం, పాలు రెండూ ఉన్న వంటకం ఇది. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. వేడి చేసేటప్పుడు ముక్క పక్కన రెండు చెంచాల పాలు పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద పెనంలో 8 నుంచి 10 నిమిషాలు ఉంచండి. మధ్యలోంచి ఆవిరి వచ్చాక మూత తీసి ఇంకో రెండు నిమిషాలు ఆగితే, పెనానికి తగిలిన అడుగు షీటు కరకరలాడుతూ లేస్తుంది.